ఊరికొక్క జొన్నచేను

ఆకలితో వచ్చిన పిట్టను తోలితే పాపం తగులుతుందా, తగలదా? ఈ సందేహం గోవర్ధన్‌కు మీసాలు రాకముందు నుంచీ ఉంది. తల నెరవడం మొదలైనా తీరలేదు.

మొదట అడిగింది వాళ్ల బాపు పెంటయ్యనే. అప్పట్లో శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లన్నీ వానాకాలంలో జొన్నలే వేసేవి. కంకి పాలు పోసుకునే రోజులు రాగానే ప్రతి చేనులోనూ ఒక మంచె లేచేది. నాలుగు గుంజలు, పైన కర్రలు, వాటి మీద ఇంత గడ్డి. పెంటయ్య ఆ మంచె మీద నిలబడి, వడిసెలలో మట్టిగడ్డ పెట్టి గిరగిరా తిప్పి వదిలితే, అది రివ్వుమని పోయి అవతలి గట్టు మీద పడేది. పిట్టకు తగిలేది కాదు. తగలాలని విసిరేవాడూ కాదు. ఆ చప్పుడుకే మంద లేచిపోయేది.

"బాపూ, పాపం గాదా? గవి గూడ ఆకలికే వస్తయి గద?" అని అడిగాడు పిల్లవాడు.

పెంటయ్య వడిసెల భుజాన వేసుకొని కాసేపు ఆకాశం వైపు చూశాడు. "తోలకుంటే మనకు లేదు. తోలితే దానికి లేదు. రెండు కడుపులూ ఆయనే ఇచ్చిండు. ఇగ ఆయన్నే అడగాలె" అన్నాడు. కోతలప్పుడు మాత్రం చేను చివరి సాలు కొయ్యకుండా వదిలేసేవాడు. అది పిట్టల వాటా. కొడుకు అడిగినదానికి అది జవాబో కాదో ఆయన ఎన్నడూ చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు.

పెద్దయ్యాక గోవర్ధన్ ఒకసారి గుడిలో అయ్యగారిని అడిగాడు. "ఎవరి ధర్మం వాళ్లది నాయనా" అని ఆయన తీర్థం పోశారు. గోవర్ధన్ తీర్థం కళ్లకద్దుకొని తాగాడు. తీర్థం గొంతు దిగింది గానీ సందేహం దిగలేదు.

తర్వాత భూములు ఎయిర్‌పోర్టుకు పోయాయి. పెంటయ్య చేను ఉన్నచోట ఇప్పుడు రన్‌వే పక్క గడ్డి ఉంది. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడు, భూములు పోయినవాళ్లకు కాంట్రాక్టు పనులు ఇస్తున్నారంటే గోవర్ధన్ కూడా పోయి వరుసలో నిలబడ్డాడు. బల్ల అవతల కూర్చున్నాయన "ఏం పని వచ్చు?" అని అడిగాడు.

"ఎవుసం సార్."

"వ్యవసాయం కాక?"

ఊరికే నిలబడితే బాగుండదని, "పిట్టలు తోల్త సార్" అన్నాడు.

వెనకున్నవాళ్లు గొల్లున నవ్వారు. బల్ల అవతలాయన నవ్వలేదు. పేరు రాసుకొని, మర్నాడు రమ్మన్నాడు.

విమానం లేచేటప్పుడో దిగేటప్పుడో పక్షి అడ్డమొస్తే పెద్ద ప్రమాదం. అందుకని రన్‌వే పక్కలకు పక్షులు రాకుండా చూసేందుకు కొంతమంది మనుషులు కావాలి. వాళ్లకు ఒక జీపు, ఎర్రజెండాలు, చప్పుడు చేసే పటాకులు ఇస్తారు. గోవర్ధన్ ఆ గుంపులో చేరాడు. గద్దలు, కొంగలు, గువ్వలు, గోరింకలు. ఏది వాలినా జీపు వేసుకొని పోవడం, పటాకు పేల్చడం, అది లేచి కంచె దాటి పోయేదాకా చూడడం. వాన కురిస్తే గుంటల్లో నీళ్లు నిలవకుండా చూడడం. నీళ్లుంటే కొంగలొస్తాయి.

ఉద్యోగం మంచిదే. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. పై అధికారి ఫణి గుంటూరు వైపు మనిషి, వయసులో తనకంటే చిన్నవాడే అయినా ఎన్నడూ 'గారు' లేకుండా పిలిచినవాడు కాదు. కష్టమేమీ లేదు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, దేవుడి ముందు దీపం పెట్టి దండం పెట్టేటప్పుడు గోవర్ధన్‌కు ఏం చెప్పుకోవాలో తెలిసేది కాదు. 'స్వామీ, ఇవాళ ఇంత గడ్డి కోసిన, ఇంత విత్తు వేసిన, ఇంత పండించిన' అని చెప్పుకునే అలవాటు పాతది. ఇప్పుడు ఏం చెప్పాలి? పొద్దంతా తోలాను. రేపూ తోలతాను. ఆ పచ్చగడ్డిలో ఒక్క సాలు కూడా ఎవరికీ వదలలేదు.

ఒకరోజు ఆ మాటే భార్య పూర్ణిమతో అన్నాడు. పూర్ణిమ ఎయిర్‌పోర్టు దారిలో ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు, తువాళ్లు ఉతికేచోట పని చేస్తుంది.

"మస్తు రోజులాయె పూర్ణిమా, చేసిన పనితోని కడుపు నిండినట్టు అనిపిస్తలేదు."

"నీ కడుపు నింపని పనే నా కడుపు, నీ బిడ్డ కడుపు, మీ అమ్మ కడుపు నింపుతున్నది. గది మర్వకు" అంది పూర్ణిమ చపాతీ పిండి పిసుకుతూనే. పిండి ఉండలు చేస్తూ, "నాకేమన్న దుప్పట్లు పిండుతుంటే మోక్షం కనబడ్తున్నదా?" అని కూడా అంది.

గోవర్ధన్ నవ్వాడు. ఆమె అన్నదీ నిజమే. ఆమె నిజం, తన దిగులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఏదీ రెండోదాన్ని తోలెయ్యలేకపోయింది.

అది 2012వ సంవత్సరం. ఊరి చివర వీరరాఘవులు గారిది ఎకరన్నర ఉంది. ఆయనది కృష్ణా జిల్లా. ఉద్యోగం చేసి రిటైరై రాజేంద్రనగర్‌లో ఉంటున్నారు. ధర పెరిగాక అమ్ముకుందామని ఎప్పుడో కొని, చుట్టూ కంచె వేయించి వదిలేశారు. వేసవిలో ఒకసారి చూసుకునేందుకు వచ్చి, గోవర్ధన్ కనబడితే అన్నారు:

"ఊరికే పిచ్చిమొక్కలు మొలుస్తున్నాయయ్యా. ఏదైనా వేసుకోరాదూ? నేను అమ్మేదాకా నీదే అనుకో. కౌలూ గివులూ ఏమీ వద్దు. లేత జొన్నకంకులు నాలుగు పంపించు చాలు. నిప్పుల మీద కాల్చి, నలుపుకొని తిని ఎన్నేళ్లయిందో!"

ఆ రాత్రి గోవర్ధన్‌కు నిద్ర పట్టలేదు. దేవుడే ఆయన నోట పలికించాడా? లేక తన మనసులో ఉన్నదానికి తానే దేవుడి పేరు పెట్టుకుంటున్నాడా? ఎటూ తేలలేదు. కానీ మృగశిర కార్తెలో మిరుగు వాన పడగానే కాళ్లు వాటంతటవే ఆ చేను వైపు పోయాయి. ట్రాక్టరు పెట్టి దున్నించాడు. పచ్చజొన్న విత్తాడు. డ్యూటీ లేని పూటలన్నీ అక్కడే. కలుపు తీశాడు, పలచన చేశాడు. మోకాలెత్తు పైరు గాలికి ఊగుతుంటే గట్టు మీద కూర్చొని చూసేవాడు. ఆ నెలల్లో దీపం ముందు చెప్పుకోవడానికి మాటలు దొరికాయి.

శ్రావణం పోయింది. వినాయకచవితి ముందర ఫణి పిలిచాడు.

"గోవర్ధన్ గారూ, కొత్త కాంట్రాక్టు మొదలవుతోందండి. మన షిఫ్టుకి మిమ్మల్నే పెద్దగా పెడదామనుకుంటున్నాను. జీతం పెరుగుతుంది. ఎండలో తిరగక్కర్లేదు, మిగతావాళ్లని చూసుకుంటే చాలు. కాకపోతే ఒక్క మాట. చేరితే మధ్యలో మానెయ్యకూడదు, ఇంకో పని పెట్టుకోకూడదు. నిమజ్జనం అయిపోయాక, ఆ సోమవారం పొద్దున నాకు మీ మాట చెప్పండి. సరేనా?"

"సరే సార్" అన్నాడు గోవర్ధన్. ఏది సరే అన్నాడో తనకే తెలియలేదు.

చేను కంకులు వేసింది. గింజ పాలు పోసుకుంది. అప్పుడొచ్చాయి పిట్టలు.

మొదట పిచ్చుకలు, తర్వాత గోరింకలు, ఆ తర్వాత చిలుకలు. ఒక మంద కాదు. తూర్పు నుంచి ఒకటి, పడమటి నుంచి ఒకటి, నెత్తి మీద ఇంకొకటి. పొద్దు పొడవకముందే వాలి, మాపటిదాకా తింటున్నాయి. గోవర్ధన్ మంచె కట్టాడు. అటకమీది నుంచి వడిసెల దింపాడు. పాత చొక్కాతో బొమ్మ కట్టి నిలబెట్టాడు. మెరిసే రిబ్బన్లు కట్టాడు. పిట్టలు ఆ బొమ్మ భుజం మీదే వాలి ముక్కు గీరుకున్నాయి.

పూర్ణిమ తమ్ముడు వీరేందర్‌దీ ఎయిర్‌పోర్టులో అదే గుంపు. నిమజ్జనం నాడు బాలాపూర్‌లో లడ్డు వేలం చూసి వస్తూ దారిలో చేను దగ్గర బండి ఆపాడు. కంచె మీద మోచేతులు ఆనించి కాసేపు చూసి, పగలబడి నవ్వాడు.

"బావా, ఇరవై ఊర్ల పిట్టలకు నీదొక్కటే హోటల్!"

"నవ్వకురా. నా పాణం పోతున్నది ఈడ."

"నవ్వక ఏంజెయ్యాలె? ఆడ మనం పటాకులు కాల్చి కంచె దాటిస్తున్నం. అవి యాడికి పోతయి? సక్కగ నీ చేన్లకు వస్తున్నయి. పొద్దుగాల నువ్వే తోల్తవ్, మాపటికి నువ్వే బువ్వ పెడ్తవ్. రెండు దిక్కుల జీతం అడుగు బావా, ఫణి సారును."

గోవర్ధన్‌కు కోపం రాలేదు. బావమరిది వేళాకోళంలో నిజం ఉంది. వెనకట ఊరు ఊరంతా ఒకే వారంలో విత్తేది. అన్ని చేలూ ఒక్కసారే పాలు పోసుకునేవి. పిట్టలు వచ్చినా, ఉన్న మందలు ఉన్న చేలకు పంచుకొని పోయేవి. ఒక్కో చేనుకు పోయేది పిడికెడే. ఇప్పుడు కనుచూపు మేర ప్లాట్లు, గోదాములు, హోటళ్లు. ఊరంతా జొన్న మానేసిన చోట తానొక్కడూ వేశాడు. బాపు లెక్కన విత్తాడు, బాపు లెక్కన కలుపు తీశాడు. బాపు చేను చుట్టూ ఇంకెన్ని చేలు ఉండేవో ఆ సంగతే మరిచాడు.

వారంగా డ్యూటీ లేని పూటలన్నీ మంచె మీదే ఉన్నవాడు, ఇక సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాడు. ఒక మూల తోలితే ఇంకో మూల వాలుతున్నాయి. అరిచి అరిచి గొంతు పోయింది. రేకుడబ్బా కొట్టి కొట్టి చెవులు గింగురుమన్నాయి. ఆదివారం మధ్యాహ్నానికి చేనులో సగం కంకులు బోసిపోయి నిలబడ్డాయి. ఎండకు కళ్లు మండుతుంటే కిందికి దిగి మట్టిగడ్డ కోసం వెతికాడు. గడ్డలన్నీ అయిపోయాయి. రాయి చేతికొచ్చింది. వడిసెలలో పెట్టి తిప్పాడు. ఈసారి గట్టు అవతలికి కాదు, చిలుకల మంద మధ్యకే విసిరాడు.

మంద లేచిపోయింది. ఒకటి లేవలేదు.

పోయి చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగానే ఉంది. మెడ వాలిపోయింది. ముక్కు సందున కొరికిన పాలగింజ ఒకటి, తెల్లగా.

ఎయిర్‌పోర్టులో చేరిన నాటి నుంచీ ఎన్ని వేల పిట్టల్ని తోలాడో లెక్కలేదు. ఒక్కటీ తన చేతిలో చావలేదు. అక్కడ ఏదీ తనది కాదు. ఇక్కడ తనది అనుకున్నాడు. అనుకోగానే చెయ్యి రాయిని వెతుక్కుంది. మనసు నిండే పని అనుకొని వచ్చాడే, అది ఇదేనా? మట్టి తవ్వి చిలుకను పాతి, చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం దీపం దగ్గరికి పోలేదు. తల్లి రుక్మిణమ్మే పెట్టింది. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, గోడ పట్టుకొని నడుస్తుంది. కొడుకు మొహం చూసి ఏమీ అడగలేదు. పూర్ణిమ అడిగింది. అతను చెప్పాడు. విని పూర్ణిమ అతనికి అన్నం పెట్టింది.

"రేపు సోమవారం. ఫణి సారుకేం చెప్తవ్?" అంది చివరికి.

"తెల్వదు. ఆడ ఉంటే ఉత్త చేతులు. ఈడ ఉంటే పాపపు చేతులు. దేంట్ల ఉండాలె?"

"నన్నడుగుతవేంది? నేనేమన్న పురాణం చెప్తనా?" అని విసుక్కుంది. తర్వాత మెత్తబడింది. "సూడు. ఉంటే నిమ్మళంగ ఉండు. మానేస్తే ధైర్నంగ మానెయ్. నడిమిట్ల యేలాడకు. నువ్వు యేలాడ్తుంటే నాకు కండ్లు తిరుగుతున్నయి."

"రేపు నేను ఆఫీసుకు పోతే చేన్ల ఎవలుంటరు? నాకు వచ్చేసరికి మధ్యాహ్నమైతది. మిగిలినయి గూడ పోతయి."

"నేను పోత బిడ్డా" అంది రుక్మిణమ్మ.

"గా మోకాళ్లతోని మంచె ఎక్కుతవా అత్తమ్మా? నిన్ను దించనీకి మళ్ల క్రేను దేవాలె" అంది పూర్ణిమ. ముసలామె కూడా నవ్వింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. చేను సంగతి ఎవరికీ ఏమీ తోచలేదు.

తెల్లారి గోవర్ధన్ స్నానం చేసి బొట్టు పెట్టుకుంటుంటే వాకిట్లో గొంతు వినబడింది.

"వదినే! రుక్మిణొదినే! సచ్చినవా, ఉన్నవా?"

చంద్రమ్మ. వెనకట రుక్మిణమ్మ చేను పక్క చేను వాళ్లది. భూములు పోయాక జల్‌పల్లిలో బిడ్డ దగ్గరికి పోయింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు దారిలోనే ఇంకో హోటల్లో ఊడ్చే పని చేస్తోంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, నెత్తికి తువాల చుట్టుకొని, పొలానికి పోయే మనిషిలా నిలబడి ఉంది.

"ఉన్నగని, గింత పొద్దుగాల ఏం దారితప్పినవే?" అంది రుక్మిణమ్మ.

"ఇయ్యాల నాకు సెలవు. నీ బదులు తీర్చనీకి వచ్చిన."

"ఏం బదులే?"

"అగో! భూములు పోయిన ఏడు నా చేన్ల కలుపుకు రాలేదా నువ్వు? పొద్దు మునిగేదాంక ఉంటివి. నీ చేన్లకు నేను రావాలె. వచ్చేలోపట నీ చేనే పాయె."

ఆ ఊళ్లలో పైసల మాట లేకుండా పనికి పని పెట్టుకునే పద్ధతి ఒకటి ఉండేది. ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. దాన్నే 'బదులు' అనేవాళ్లు. ఒకరి బదులు పడితే అది తీర్చేదాకా మనిషికి నిలకడ ఉండేది కాదు.

"నీ యవ్వ, గప్పటిది ఇప్పుడేందే? నేనైతే ఎప్పుడో మర్చిపోయిన."

"నువ్వు మర్చిపోతే తీరుతదా? పడ్డది నాకు" అంది చంద్రమ్మ. "యాడ తీర్చాలె? ఎవలకు చేనున్నది? మొన్న హోటల్ బండ్ల కూసొని పోతుంటే కిటికీలకెంచి మంచె కనబడ్డది. పాణం లేచొచ్చింది. ఎవని చేనురా అని డ్రైవర్ను అడిగితే, పెంటయ్య కొడుకుది అన్నడు. ఇగ ఆగుతనా? అల్లుడా, నడువు. చేను సూపియ్యి."

గోవర్ధన్ ఆమెను బండి మీద ఎక్కించుకొని పోయాడు. చేను చూసి చంద్రమ్మ నోరు నొక్కుకుంది. కంచెలోకి దూరి, బోసి కంకుల్ని తడిమి, మంచె ఎక్కింది. గోవర్ధన్ వడిసెల అందించబోయాడు.

"నాకెందుకది? నోరు లేదా నాకు?"

"అత్తా, నిన్న ఒక చిలుకను సంపిన" అన్నాడు గోవర్ధన్ ఉన్నట్టుండి.

చంద్రమ్మ పైనుంచి అతన్ని చూసింది. "ఒక్కనివే కాసినవా? ఎన్ని పొద్దులు?"

"వారం నుంచి."

"పిచ్చిలేవదా మరి? మనిషి ఒక్కడు కాసేదా చేను? నీ బాపు దినమంత మంచె మీదనే నిలబడ్డడు అనుకుంటున్నవా? పొద్దుగాల మీ అమ్మ, బువ్వ యాళ్లకు నేను, మాపటికి మా ఆయన. నీ బాపు ఎండపొద్దుకు గట్టు మీద గుర్రు పెట్టుకుంట పండుతుండె. లేచి, నువ్వు బడికెంచి వస్తున్నవంటే రెండు గడ్డలు రువ్వెటోడు. గదే నీకు యాదికున్నది."

గోవర్ధన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లుగా కళ్లలో పెట్టుకున్న బాపు, మంచె మీద ఒంటరిగా నిలబడ్డ బాపు, ఒక్క క్షణంలో గట్టు మీద పడుకొని గుర్రుపెట్టాడు. మనసుకు హాయిగానే ఉంది. ఎందుకు హాయిగా ఉందో మాత్రం అర్థం కాలేదు.

"పో ఇగ. నీ ఆఫీసు పని జూస్కొని రా. ఇయ్యాల చేను నాది" అంది చంద్రమ్మ. మంచె మీద లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఒక కేక వేసింది. "హోయ్... హో... హోహో!" కేక గోదాముల గోడలకు తగిలి తిరిగొచ్చింది. రోడ్డు మీద డ్యూటీకి పోయే ఆడవాళ్లు ఇద్దరు ఆగారు. ఆమె ఎవరో గుర్తుపట్టి నవ్వుతూ, వాళ్లూ కంచె దగ్గర నిలబడి కేక వేశారు. పిచ్చుకల మంద లేచింది. ఇంకో మూల వాలబోయి, అక్కడా కేక వినబడి, ఎత్తుగా ఎగిరి పోయింది. కాసేపే. మళ్లీ వస్తాయి. ఆ సంగతి అందరికీ తెలుసు.

గోవర్ధన్ బండి నడుపుతుంటే చాలా దూరం దాకా ఆ కేక వినబడింది.

ఆఫీసులో ఫణి టీ తెప్పించాడు. "చెప్పండి గోవర్ధన్ గారూ. ఖాయమేనా?"

"సార్, నేను నిన్న మా చేన్ల ఒక చిలుకను సంపిన."

ఫణికి ఏమీ అర్థం కాలేదు. "అయ్యో... పోనీలెండి. అయితే ఇక్కడే ఉండడం మేలు కదండీ? ఇక్కడ మిమ్మల్ని ఎవరూ చంపమనట్లేదు. పైగా మీరు పక్కకి మళ్లించే ఒక్కో గద్ద వెనకాల రెండొందల మంది ప్రాణాలున్నాయి. అది పుణ్యం కాదా?"

"పుణ్యమే సార్."

"మరి?"

గోవర్ధన్ టీ కప్పులోకి చూశాడు. ఫణి చెప్పింది నిజం. తప్పు పట్టే పని అయితే వదలడం సులువు. మంచి పనిని వదలడానికి కారణం ఎక్కడి నుంచి తేవాలి?

"గదే సార్ సమజైతలేదు. ఈడ నేను లేకుంటే ఇంకొకడొస్తడు, నాకన్న మంచిగ తోల్తడు. మా వీరేందరున్నడు, నవ్వులాట మనిషే గని కండ్లు పాడుగాను, గద్ద మబ్బులల్ల ఉన్నా పసిగడ్తడు. ఆయనను పెట్టుండ్రి. ఆడ... ఆ చేన్ల నాకు చాతనైతలేదు. సగం చేను పాయె. ఐనా పొద్దుగాల ఒక ముసలామె వచ్చి మంచె ఎక్కింది సార్. పిలవలేదు నేను. దారిన పోయేటోల్లు గూడ నిలబడి కేకేసిన్రు. ఈడ నా పక్కకు అట్ల ఎవలు వస్తరు? రానియ్యరు గూడ, పాసుండాలె."

ఫణి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అంటే, వద్దంటున్నారా?" అని అడిగాడు.

గోవర్ధన్ కళ్లు మూసుకొని మనసులో దండం పెట్టుకున్నాడు. లోపలి నుంచి ఏ మాటా వినబడలేదు. ఏ గంటా మోగలేదు. ఎవరూ చెప్పరు కాబోలు, మనిషే చెప్పాలి కాబోలు అనుకున్నాడు.

"వద్దు సార్. ఈ నెలాఖరు దాంక వస్త. సరైందో కాదో తెల్వదు. మీరు మంచోళ్లు, మీ మీద కోపం గాదు."

బయటికొచ్చి పూర్ణిమకు ఫోన్ చేశాడు.

"చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"వద్దని."

అవతల మిషన్లు తిరిగే చప్పుడు. తర్వాత పూర్ణిమ గొంతు: "భయమైతున్నదా?"

"అయితున్నది."

"నాకు గూడ. ఒక్క యేడు సూస్తం. ఆ యేడంత నా జీతం మీద ఇల్లు నడుపుత. ఆ తర్వాత నువ్వు మళ్ల జెండా పట్టుకుంటవో, పార పట్టుకుంటవో నేనే చెప్త. ఇంకోటి. ఈసారి కొత్తిమీర ఎయ్యి, పాలకూర ఎయ్యి, పిట్టలకు పట్టంది ఏదన్న ఎయ్యి. మా హోటల్ వంటోళ్లకు నేను చెప్త. మళ్ల జొన్న పేరెత్తితే ఆ మంచె మీదనే పండు, ఇంటికి రాకు."

"వీరరాఘవులు సారుకు నాలుగు కంకులు?"

"పిట్టలు ఏమన్న మిగిలిస్తే ఇయ్యి."

చేను దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చంద్రమ్మ ఇంకా మంచె మీదే ఉంది. అన్నానికి కూడా దిగలేదు. తల్లి చెప్పులు గట్టు దగ్గర కనబడ్డాయి. రుక్మిణమ్మ ఎవరి ఆటోనో పట్టుకొని, సద్దిడబ్బా తీసుకొని వచ్చి, కంచె గుంజకు ఆనుకొని కూర్చుంది. కింద నుంచి ఆమె, పైనుంచి చంద్రమ్మ, ఇద్దరూ కలిసి కేకలు వేస్తున్నారు. మధ్యలో ఎవరి కోడలు ఎవరిని ఏమందో మాట్లాడుకుంటున్నారు. పిట్టలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. కొన్ని తింటూనే ఉన్నాయి.

గోవర్ధన్ చెప్పులు విప్పి, వాళ్ల అవతలి మూలకు పోయి నిలబడ్డాడు. అతనూ కేక వేశాడు. గొంతు పోయి ఉంది కాబట్టి కేక పిల్లి అరుపులా వచ్చింది. ముసలాళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు.

మాపటి ఎండ పచ్చబడింది. పిట్టలు గూళ్లకు మళ్లాయి. చంద్రమ్మ నడుం పట్టుకొని మెల్లగా మంచె దిగింది. గోవర్ధన్ ముందుకొచ్చి, "అత్తా, మస్తు కష్టమైంది నీకు. నేనేమన్న..." అనబోయాడు.

"నువ్వు జరుగు అల్లుడా. నీకు గాదు నేను చేసింది" అని అతన్ని చేత్తో పక్కకు నెట్టి, రుక్మిణమ్మ ముందుకు పోయి నిలబడింది. ఎగదోపిన కుచ్చిళ్లు దించుకుంది. తువాల విప్పి దులిపింది. బొంగురుపోయిన గొంతుతో, పద్ధతి ప్రకారం అడగవలసినట్టు అడిగింది.

"వదినె, నీ బదులు ముట్టిందా?"

రుక్మిణమ్మ కంచె గుంజ పట్టుకొని, కొడుకు వద్దంటున్నా లేచి నిలబడింది.

"ముట్టిందే చంద్రమ్మా. ముట్టింది."

చంద్రమ్మ తల ఊపి, తువాల భుజాన వేసుకొని, జల్‌పల్లి ఆటో కోసం రోడ్డు వైపు నడిచింది.